మూడొందల పద్దెనిమిది బొమ్మలూ, మా భ్రమరాంబక్కా

ప్రభుత్వం వారి లెక్కలో మా భ్రమరాంబక్కకి ముఖం లేదు. ఉందని నేను ఎక్కడికొచ్చైనా సాక్ష్యం చెప్తాను. పెళ్లై ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ పొద్దున్నే లేచి నేను మొదట చూసేది ఆ ముఖాన్నే. కోలగా ఉంటుంది, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ, పెద్ద కళ్లు, వాటికింద ఎప్పుడూ ఆడుతూనే ఉండే నోరు. ఆ నోరే కొంప ముంచింది.

అక్కంటే నాకు తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా బావగారు పోయాక మాతోనే ఉంటోంది. ఆవిడకి పిల్లల్లేరు, బొమ్మలున్నాయి. మామూలుగా ఉండడం కాదు, అటకల నిండా, మంచాల కింద, మా ఆయన బట్టల బీరువా కింది అరలో కూడా ఉన్నాయి. కొండపల్లి అంబారీ ఏనుగు, మట్టి పెళ్లివారూ వాళ్ల బాజాభజంత్రీలూ, కొట్టు పెట్టుకు కూర్చున్న బొజ్జ శెట్టిగారూ ఆయన భార్యా, పాకే కృష్ణుళ్లు ఓ పాతికమంది, గాలి తగిలితే తలూపే తంజావూరు బొమ్మ, పడుకోబెడితే కళ్లు మూసుకునే రబ్బరు పిల్ల. ఏ యాత్రకెళ్లినా అక్క ముందు బొమ్మల కొట్టుకి వెళ్లేది, తర్వాతే దేవుడు. ఓసారి కాశీలో బావగారు తప్పిపోతే ఆవిడ బేరం తెగేదాకా వెతకలేదు. "ఆయన ఎక్కడికి పోతార్లే, ఈ వీణ వాయించే పిల్ల పోతే మళ్లీ దొరకదు" అందట.

అంతా బాగానే ఉంది. మధ్యలో అక్క సొంత తమ్ముడు పానకాలరావుకి ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

పానకాలుకి చీరాలలో కర్రీ పాయింట్ ఉంది. అక్కడి వంటమనిషి ఓ శుభోదయాన గరిటె కింద పడేసి వెళ్లిపోయింది. ఆ వారమే పానకాలు మా ఇంటికొచ్చి, "మా అక్కని ఇట్టా ఒకళ్ల పంచన వదిలెయ్యడానికి నాకు మనసొప్పట్లేదు బావా" అని మా ఆయన ముందు కళ్లు తుడుచుకున్నాడు. వాడు వెళ్లాక అక్క, "ఆ కన్నీళ్లలో సగం ఉల్లిపాయలవే" అంది.

కానీ వాడు ఊరుకోలేదు. నలుగురు పెద్దల్ని పోగేశాడు. ఆ పెద్దలు మా వసారాలో కూర్చుని తీర్పు చెప్పారు. భ్రమరాంబకి తనకంటూ ఒక ఉద్యోగం ఉంటే ఇష్టమున్నచోట ఉండొచ్చు, లేకపోతే విజయదశమి వెళ్లేలోపు తమ్ముడింటికి వెళ్లాలి, అదే మర్యాద. "ఆవిడ మాకేం బరువు కాదు, మర్యాదేంటి మధ్యలో?" అని నేను అరిచాను. ఆడదాని అరుపు కాబట్టి పెద్దలు కాఫీ తాగారు.

"ఉద్యోగమే కదే కావల్సింది, సంపాదిద్దాం" అంది అక్క. "నాకొచ్చింది బొమ్మలు. బొమ్మల్లోనే సంపాదిద్దాం."

ఈ రోజుల్లో అపార్ట్‌మెంట్లలో అందరికీ దసరాకి బొమ్మల కొలువు పెట్టాలనుంటుంది, ముందు నిలబడి ఫొటో దిగాలనుంటుంది. బొమ్మలు మాత్రం ఉండవు, దాచుకునే అటకా ఉండదు. వాళ్లకి కొలువు అద్దెకివ్వాలి. మెట్లు మనమే కట్టి, బొమ్మలు మనమే సర్ది, పండగయ్యాక మనమే తెచ్చుకోవాలి. ఆలోచన బ్రహ్మాండంగా ఉంది. వీధివైపు గది ఖాళీ చేసి, మెట్లు కట్టి, బొమ్మలన్నీ దింపి, బోర్డు కూడా రాయించాం. ఇక కావల్సిందల్లా పెద్దల ముఖాన కొట్టడానికి ఒక సర్కారు కార్డు.

దానికీ దారి దొరికింది. మా జిల్లాలో అప్పుడే అభిరుచి ఉపాధి సాధికార మిషన్ అని ఒకటి వెలిసింది. "నీ సరదాయే నీ సంపాదన" అని గోడల మీదంతా రాశారు. గాలిపటాలు ఇష్టమున్నవాడు గాలిపటాలతో, బొమ్మలు ఇష్టమున్నావిడ బొమ్మలతో బతకొచ్చు. మిషన్ వారు నమోదు చేసుకుని ఉపాధి కార్డు ఇస్తారు. అర్జీ పెట్టగానే క్లస్టర్ కోఆర్డినేటర్ ధనుంజయ్ అని ఒకాయన మెడలో ట్యాగూ చేతిలో ఫోనూ పట్టుకుని వచ్చాడు.

"మేడం, గతంలో లాగా దరఖాస్తులు, సంతకాలు ఏమీ ఉండవండి. అంతా పారదర్శకం. ముఖమే మీ సంతకం" అన్నాడు. అక్క కొత్త నేత చీర కట్టుకుని బొమ్మల మధ్య నిలబడింది. ఆయన ఫోనెత్తాడు. ఫోన్లో ఆడగొంతు, "దయచేసి కదలకండి" అంది.

"కదలట్లేదమ్మా" అని అక్క ఫోన్‌కి జవాబు చెప్పింది. "ఏమే, కుచ్చిళ్లు సరిగ్గా ఉన్నాయా? అయిందా బాబూ?"

"ధన్యవాదాలు" అంది ఫోను. "మూడు వందల పద్దెనిమిది మంది లబ్ధిదారులు నమోదయ్యారు. అస్పష్టంగా ఉన్న ఒక వస్తువు తొలగించబడింది."

మేం ముగ్గురం ఒకళ్ల ముఖాలొకళ్లం చూసుకున్నాం. ఆ అస్పష్టమైన వస్తువు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎవత్తది ఫోన్లో?" అంది.

ధనుంజయ్‌కి చెమటలు పట్టాయి. అక్కని ఒక్కదాన్నే నిలబెట్టి తీశాడు. కూర్చోబెట్టి తీశాడు. గోడకి ఆనించి తీశాడు. ప్రతిసారీ ఆవిడ ఊపిరి బిగబట్టి, సరిగ్గా ఆఖరి క్షణంలో "అయిందా?" అనేది. "ముఖం గుర్తించబడలేదు" అనేది ఫోను. ఆవిడ పెళ్లి ఫొటో చూపిస్తే ఫొటోకి ఫొటో చెల్లదంది.

"సరే, ముందు ఆ బొమ్మల్ని తీసెయ్యి నాయనా" అన్నాను.

"తీసెయ్యడానికి ఆప్షన్ లేదండి. చేర్చుకోవడానికే ఉందండి" అన్నాడు పాపం.

వారం తిరక్కుండా మిషన్ డైరెక్టర్ చక్రధరం గారు స్వయంగా వచ్చేశారు. వెనక రెండు కార్లు, ఒక మైకు, శాలువాలు, అరటిపళ్ల గెల. ఒకే గదిలో ఇంతమందికి ఉపాధి కల్పించిన జిల్లా రాష్ట్రంలోనే లేదట, మొదటి బహుమతి మనకేనట.

నేను ఉండబట్టలేక, "అయ్యా, ఇవి బొమ్మలండీ" అన్నాను.

ఆయన నవ్వారు. మంచి నవ్వే. "బొమ్మలని నాకు తెలీదా అమ్మా? నాకు తెలుసు, ధనుంజయ్‌కి తెలుసు, డ్రైవర్‌కి కూడా తెలుసు. ఫైలుకి తెలియదు కదా. ఫైలుకి తెలియని విషయం నేను తెలుసుకుంటే అది క్రమశిక్షణా రాహిత్యం."

తర్వాత మైకు పుచ్చుకుని బొమ్మలతో ముఖాముఖి జరిపారు. "లబ్ధిదారులారా! చిట్టచివరి మెట్టు మీదున్న మీకు కూడా పథకం ఫలాలు అందాలన్నదే మా నిబద్ధత. అందుతున్నాయా?" మా గది ఫ్యాను అటు తిరిగింది. తంజావూరు బొమ్మ నిదానంగా తలూపింది. డైరెక్టర్ గారి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల సర్వీసులో అడిగిన ప్రశ్నకి అడ్డం తిరగని లబ్ధిదారుణ్ణి ఇప్పుడే చూస్తున్నానని, ఆ బొమ్మని లబ్ధిదారుల కమిటీకి అధ్యక్షురాలిగా అక్కడికక్కడే ప్రకటించారు. కింది మెట్టు మీద గెల పెట్టి ఫలాలు అందించారు.

"నా కార్డండీ?" అంది అక్క.

"మీరెవరమ్మా?"

"ఈ బొమ్మలన్నీ నావండీ."

ఆయన చెవులు మూసుకున్నారు. "ఆ మాట మళ్లీ అనకండి. లబ్ధిదారులు ఎవరి సొత్తూ కారు. రాజ్యాంగం ఒప్పుకోదు."

అక్కడ్నుంచి మా వీధిగదికి అధికారుల రాకపోకలు మొదలయ్యాయి. బాలకార్మికుల నిర్మూలన వారొచ్చి పాకే కృష్ణుళ్లందర్నీ చూసి నోరు నొక్కుకున్నారు. ఆ వయసు పసివాళ్లని పనిలో పెడతారా, మీరు మనుషులేనా అని నన్ను నిలదీశారు. కృష్ణుళ్లని మెట్ల మీంచి దింపించి, గది మూలన వరసగా పెట్టించి, ముందు పలక పెట్టించి బడిలో చేరినట్టు ఫొటో తీసుకెళ్లారు. శెట్టిగారికి అరవై దాటినట్టు కనిపిస్తోందని పదవీ విరమణ ఇప్పించి పూలదండ వేశారు. పాపం ఆయన భార్య ఒక్కతీ కొట్టు చూసుకోవాల్సొచ్చింది. ఆరోగ్య శిబిరం వారు పెళ్లివారందరికీ రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు పంచిపెట్టారు.

శిక్షణ కూడా జరిగింది. వినియోగదారుడి ముందు చిరునవ్వు చెదరకుండా నిలబడుట అనే అంశం మీద విజయవాడ నించి ఒక టై కట్టుకున్నాయన వచ్చి పొద్దుట్నించి సాయంత్రం దాకా మాట్లాడాడు. ఒక్కళ్లు కూడా ఫోను చూసుకోలేదని, ఒక్కళ్లు కూడా భోజనానికి తొందరపడలేదని పొంగిపోయి, మొత్తం బ్యాచ్‌కి ప్రథమశ్రేణి ఇచ్చాడు. అక్క వెనక బల్ల మీద కూర్చుని వింటానంటే, "లబ్ధిదారులకి మాత్రమేనండి" అని బయటికి పంపాడు. ఆవిడే మళ్లీ వాడికి మజ్జిగ ఇచ్చింది.

రోజూ సాయంత్రం ధనుంజయ్ వచ్చి హాజరు ఫొటో తీసుకోవాలి. ఒకరోజు నేను దుమ్ము దులుపుతూ రబ్బరు పిల్లని పక్కన పడుకోబెట్టాను. ఫొటోలో కళ్లు మూసుకుని పడింది. గంటలో మెమో వచ్చింది. విధి నిర్వహణలో నిద్రించినందుకు సంజాయిషీ ఇవ్వాలట, మళ్లీ జరిగితే సస్పెన్షనట. ఆ సంజాయిషీ నేనే రాశాను. "తయారీలోనే అలా వచ్చిందండి" అని.

ఇవన్నీ అక్క నవ్వుతూనే భరించింది. "పోన్లే, కార్డు లేకపోతే మానె, బేరం వస్తే అదే ఉద్యోగం" అంది. బేరం వచ్చింది కూడా. దసరా మొదలవుతుందనగా బైపాస్ పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు పెళ్లివారి సెట్టూ దశావతారాలూ కావాలన్నారు. అక్క రాత్రంతా వాటికి పట్టుబట్టలు మార్చి, గడ్డిలో చుట్టి, పొద్దున్నే ఆటో ఎక్కించింది. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు కడుపు నిండిపోయింది. ఆ వెలుగు వీధి మలుపు దాకా కూడా నిలవలేదు.

మేమిద్దరం కూడా ఎక్కిన ఆ ఆటో మలుపు చేరకముందే ధనుంజయ్ బైకు మీద ఎదురొచ్చి అడ్డం నిలబడ్డాడు. వెనకాలే డైరెక్టర్ గారి కారు.

"ఏం చేస్తున్నారో తెలుస్తోందా?" అన్నారు డైరెక్టర్ గారు. "లబ్ధిదారులను గడ్డిలో చుట్టి, ఆటోలో కుక్కి, అద్దెకు పంపుతారా? దీన్ని చట్టంలో ఏమంటారో తెలుసా? మానవ అక్రమ రవాణా!"

"మట్టి బొమ్మల్రా నాయనా!" అని అక్క నడిరోడ్డు మీద అరిచింది. "నేను కొన్నవి! నేను రంగులేసినవి! నా మొగుడి కంటే ఎక్కువ చాకిరీ చేశాను వీటికి! వాటికి ఉద్యోగాలిచ్చి నన్ను తమ్ముడింటి వంటింట్లోకి తోస్తార్రా?"

డైరెక్టర్ గారు చలించారు. రాయిలాంటి మనిషేం కాదు. రుమాలుతో ముఖం తుడుచుకుని, ఫైలు తెప్పించుకుని, కారు బానెట్ మీద పెట్టుకుని చాలాసేపు చదివారు. "సమస్య నాకర్థమైంది. మీ సంస్థలో సిబ్బంది దండిగా ఉన్నారు. సరుకు మాత్రం శూన్యం. సరుకు లేనిదే అద్దె వ్యాపారం ఎలా నడుస్తుంది? ధనుంజయ్, ఈవిడ సిబ్బంది జాబితాలో ఉన్నారా?"

"లేరండి. ముఖం రాలేదండి."

"అయితే సరుకులో రాయి. మనసుంటే మార్గం దొరక్కపోదు."

ధనుంజయ్ తలొంచుకుని రాశాడు. బొమ్మ. ఆడ. నిలువెత్తు. మాట్లాడును. ఒకటి.

ఇంటికొచ్చాక అక్క బొమ్మలన్నీ మళ్లీ మెట్లెక్కించింది. ఆ పండగ రోజులన్నీ ఎవరూ అద్దెకడగని కొలువుకి మేమిద్దరమే పేరంటాళ్లం. అక్క పొద్దున్న దీపం పెట్టేది, సాయంత్రం శనగలు పంచేది, మాట మాత్రం తగ్గిపోయింది. నాకు భయం పట్టుకుంది. ఆవిడ గొడవ చేస్తే నేను తట్టుకోగలను, ఊరుకుంటే తట్టుకోలేను.

విజయదశమి సాయంత్రం పానకాలు వచ్చాడు. తెల్లచొక్కా, నుదుట బొట్టు, వీధిలో ఆటో. "అక్కా, సర్దుకున్నావా? ఉద్యోగం రాలేదంటగా. పోనీలే, మన కొట్లోకొచ్చి కూర్చుంటే కాలక్షేపం. రేపు యాభైమందికి గుత్తొంకాయ ఆర్డరుంది."

నాకు ఒళ్లు మండింది. "ఆవిణ్ణి తీసుకెళ్లడానికి వీల్లేదు. మిషన్ వాళ్ల సరుకు. కావాలంటే రాసుంది చూసుకో" అని ధనుంజయ్ వైపు చూశాను. ఆయన అప్పుడే హాజరు కోసం వచ్చి గుమ్మంలో ఉన్నాడు.

ధనుంజయ్ గొంతు సవరించుకున్నాడు. అబద్ధం చెప్పలేని పాపిష్టి మనిషి. "తీసుకెళ్లొచ్చండి. అద్దెకి."

పానకాలు కళ్లు మెరిశాయి. "ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు?"

"కాలపరిమితి పెట్టలేదండి. పండగ రాయితీ కూడా నడుస్తోందండి."

"నీ నోట్లో నా మట్టిగడ్డ!" అన్నాను ధనుంజయ్‌ని. పానకాలు అప్పటికే అద్దె కోసం ఆయన ఫోను మీద వేలిముద్ర వేసేస్తున్నాడు. అక్క వంక చూశాను. ఆవిడ తమ్ముణ్ణి కాదు, మెట్ల మీది పెళ్లివారిని చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

"హారతి వెలిగించవే. కొలువు ఎత్తకుండా నేనెక్కడికీ కదలను" అంది.

కొలువు ఎత్తేముందు మా ఇంట్లో ఒక బొమ్మని పడుకోబెడతాం. ఇక పండగ అయిపోయింది, నిద్రపోండని చెప్పడం అన్నమాట. ఎప్పుడూ రబ్బరు పిల్లనే పడుకోబెట్టేవాళ్లం. నేను అలవాటుగా చెయ్యి చాచాను.

"వద్దండీ!" అన్నాడు ధనుంజయ్. "ఇంకా హాజరు కాలేదండి. రెండో మెమో వస్తే సస్పెన్షనండి."

"శెట్టిగారు?"

"ఆయన రిటైరైనా ఇంకా రిలీవ్ కాలేదండి."

"మీరెవరూ కంగారు పడకండి. ఈ గదిలో పడుకునే యోగ్యత ఉన్న బొమ్మని నేనొక్కదాన్నే" అంది అక్క.

మెట్ల కింద చాప పరిచింది. పమిట సర్దుకుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంది. నోరు కూడా మూసుకుంది. రాత్రి కాకుండా ఆవిడ నడుం వాల్చగా నేను ఏనాడూ చూడలేదు. నేను పళ్లెం పట్టుకుని హారతిచ్చాను. పానకాలు కూడా కళ్లకద్దుకున్నాడు, ఎంతైనా పండగ కదా.

ధనుంజయ్ ఫోనెత్తాడు. "దయచేసి కదలకండి" అంది ఫోను.

ఎవరూ కదల్లేదు.

"ధన్యవాదాలు. ఒక కొత్త లబ్ధిదారు నమోదయ్యారు. పేరు తెలపండి."

ధనుంజయ్ వేళ్లు గబగబా ఆడాయి. పానకాలు ముందుకొచ్చి, "లెగు అక్కా, ఆటోవాడు వెయిటింగు" అని వంగాడు. ధనుంజయ్ చాపకి అడ్డంగా నిలబడ్డాడు. మెడలో ట్యాగు సరిచేసుకుని, నేనెప్పుడూ వినని గొంతుతో, "ముట్టుకోకండి! ఆవిడ ఉద్యోగిని!" అన్నాడు.

"ఇందాక సరుకన్నావుగా?"

"అది ఇందాకండి. ఇప్పుడు అద్దెకి తీసుకెళ్తే మానవ అక్రమ రవాణా. తమ్ముడైనా సరే, లోపలేస్తారండి."

"ఉద్యోగమా? ఏదీ, కాయితం చూపించు! పెద్దలకి నేనేం చెప్పుకోను?"

అంతలో ధనుంజయ్ ఫోను టింగుమంది. ఆయన చూసి నాకందించాడు. నేను పానకాలు ముఖం ముందు పెట్టి, ఊరంతా వినబడేలా చదివాను. "మెమో. శ్రీమతి భ్రమరాంబ, లబ్ధిదారు. విధి నిర్వహణలో నిద్రించుట గమనించడమైనది. సంజాయిషీ ఇవ్వవలెను." ఇలా చదివి, "ఉద్యోగం లేనివాళ్లకి మెమో ఇస్తార్రా ఎవరైనా? పో, నీ పెద్దలకి చూపించుకో" అన్నాను.

పానకాలు మెమోని రెండుసార్లు చదివాడు. సర్కారు ముద్ర ఉంది, అక్క పేరుంది, తప్పు కూడా ఉంది. ఆటో ఎక్కుతూ, "గుత్తొంకాయ ఎవరు చేస్తారిప్పుడు" అని తనలో తను గొణుక్కున్నాడు.

నేను పరిగెత్తుకెళ్లి అక్కని లేపబోయాను. "వద్దండీ, కాసేపు ఉండనివ్వండి. కదిలితే మళ్లీ పోతుందేమో" అన్నాడు ధనుంజయ్. ఆయన కళ్లల్లో కూడా నీళ్లున్నాయి.

చాప పక్కన కూర్చున్నాను. కళ్లు తెరవకుండా, పెదాలు కదిలీ కదలనట్టుగా అక్క అడిగింది.

"పానకాలు పోయాడా?"

"పోతున్నాడక్కా."

"అయితే వాడు వీధి మలుపు తిరిగేదాకా నన్ను ఉద్యోగం చేసుకోనివ్వు."